మూడో నాబ్

ఆ పెట్టె మూత నేను ఒక్కసారే తీశాను. తీయకుండా ఉంటే బాగుండేదని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. కానీ ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ మెడ వెనక వేడెక్కుతుంది.

పెట్టె అంటే క్రాసోవర్. పాటలు వినే పిచ్చి లేనివాళ్లకు కాస్త చెప్పాలి. మంచి స్పీకర్ డబ్బాలో మూడు స్పీకర్లు ఉంటాయి. పెద్దది మృదంగం లాంటి లోతైన శబ్దాలకు, మధ్యది మనిషి గొంతుకు, అన్నిటికంటే చిన్నది గజ్జెలు, తాళాలు, తంబురా తీగ మీది జీర లాంటి సన్నటి శబ్దాలకు. ఏ శబ్దం ఎవరికి పోవాలో విడదీసే పనిని బజారు స్పీకర్లలో డబ్బా లోపలున్న నాలుగు తీగచుట్టలు, కెపాసిటర్లు చేస్తాయి. మా ఇంట్లో అలా కాదు. సీడీ ప్లేయర్ నుంచి వచ్చిన సంగీతం ముందుగా ఈ ఎలక్ట్రానిక్ పెట్టెలోకి వెళ్లి మూడు భాగాలయ్యేది. ఒక్కో భాగానికి ఒక్కో ఆంప్లిఫైయర్, ఒక్కో ఆంప్లిఫైయర్‌కు తన స్పీకర్లు. పెట్టె ముఖం మీద మూడు నాబ్‌లు: లో, మిడ్, హై. ఏ భాగం ఎంత గట్టిగా పలకాలో వాటితో మనమే తేల్చుకోవచ్చు.

మనమే అంటే మా ఇంట్లో నేనే.

పెట్టెను తయారుచేసింది నా స్నేహితుడు. నాకంటే బాగా చిన్నవాడు. రైల్వే సిగ్నల్ విభాగంలో టెక్నీషియన్. వాళ్లది కాకినాడ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం, మాది శ్రీకాకుళం వైపు. రాయపూర్‌లో ఒక విడిభాగాల దుకాణంలో పరిచయం. దుకాణదారుతో గలగలా హిందీ మాట్లాడుతూ, గాజు బల్ల మీద రెసిస్టర్లు ఏరుకుంటూ, నోట్లో మాత్రం ఒకటి, రెండు, మూడు అని తెలుగులో లెక్కపెట్టుకుంటున్నాడు. నేను నాలుగు అన్నాను. తలెత్తి నవ్వాడు. అప్పటికి రాయపూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని అయి కొన్నేళ్లయింది. తెలీబంధా చెరువు చుట్టూ ఇప్పుడున్న నడక దారి ఇంకా వేయలేదు. మా ఇల్లు ఆ చెరువుకు దగ్గర్లోనే.

నేను భన్‌పురిలో ఒక రోలింగ్ మిల్లులో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. ఎర్రగా కాలిన ఇనుప కడ్డీలు రోలర్ల మధ్య నుంచి దూసుకుపోయే చోట రోజంతా నిలబడేవాణ్ణి. అక్కడ మాట వినపడదు, చేతులతో చెప్పుకుంటాం. అంత రొదలో బతికేవాడికి ఇంటికొచ్చాక మంచి శబ్దం కావాలనిపించడం తప్పు కాదు. తప్పు అక్కడ లేదు.

పెట్టెకు రేకును నేనే భన్‌పురిలో వంపించి తెచ్చాను. లోపలి బోర్డంతా అతనే అతికాడు. అది మొదటిసారి పాడిన ఆదివారం ఇద్దరం పిల్లల్లా కూర్చున్నాం. గొంతు ఒకచోట నిలబడింది, వేణువులో ఊపిరి విడిగా వినపడింది. ఆ ఉత్సాహంలో అతని భుజం తట్టి అన్నాను, "ఇక నుంచి లోపలి పని నీది, వినే పని నాది." సరదాగా అన్న మాటే. కానీ మెల్లగా అది మా మధ్య చట్టంలా తయారైంది. ఏ చిన్న లోపం వచ్చినా మూత తీసేది అతను. నాబ్‌లు ఎక్కడుండాలో చెప్పేది నేను. ఇంకెవరూ వాటిని ముట్టుకోకూడదు.

అతని భార్య నర్సు. ఆదివారాలు తరచూ డ్యూటీలో ఉండేది. అందుకని అతను చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చేవాడు. వినడం, భోజనం, మళ్లీ వినడం. మా ఆవిడను వదినా అని పిలిచేవాడు. చేపల పులుసు చేసినరోజు వంటింటి గుమ్మంలోనే కూర్చుని, కాకినాడలో అయితే ఇందులో మామిడికాయ వేస్తారని ఆమెను ఏడిపించేవాడు. మీ కాకినాడోళ్లకు చేప రుచి తెలీదు బాబూ, అందుకే మామిడికాయ అనేది ఆమె. మా అమ్మాయికి లెక్కలు చెప్పేవాడు. నాకు సొంత తమ్ముడు లేడు. ఆ లోటు తెలియకుండా కొన్నేళ్లు గడిచాయి.

హై నాబ్ పైకి పోవడం ఎప్పుడు మొదలైందో చెప్పలేను. నాకు పాట మూగబోతున్నట్టు అనిపించేది. స్పీకర్ల మీద ఎవరో దుప్పటి కప్పినట్టు. కాస్త పెంచితే తేటపడేది. కొన్ని నెలలకు మళ్లీ దుప్పటి, మళ్లీ కాస్త పైకి. మా ఆవిడ ఆ చీంచీం తగ్గించండి, తల పగిలిపోతోంది అనేది. అమ్మాయి పుస్తకాలు పట్టుకుని డాబా మీదకు పోయేది. మీకు మంచి శబ్దం అలవాటు లేదు, విని విని అలవాటు చేసుకోవాలి అని వాళ్లకు పాఠం చెప్పేవాణ్ణి. ఒకసారి నేను స్నానానికి వెళ్లినప్పుడు మా ఆవిడ నాబ్ తగ్గించింది. ఆ పూట నేను అన్నం తినలేదు. ఇంత చిన్న విషయానికి కంచం తోసేసిన మనిషితో ఇరవై ఏళ్లు కాపురం చేసిందామె.

ఒక ఆదివారం మిల్లు నుంచి ఇద్దరు మిత్రులు వచ్చారు. వాళ్ల ముందు నా పెట్టెను, స్పీకర్లను ప్రదర్శిస్తున్నాను. అప్పుడతను నా దగ్గరకు వంగి, వాళ్లకు వినపడకుండా, హై కొంచెం ఎక్కువైందేమో అన్నయ్యా అన్నాడు. మెల్లగానే చెప్పాడు. నేను గట్టిగా జవాబిచ్చాను. చర్చిలో గొట్టం స్పీకర్ల కింద పెరిగిన చెవులు నీవి, నీకు ఇది ఎక్కువే అనిపిస్తుంది అన్నాను. మిత్రులిద్దరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వాడు కదా అని నేను ఆ మాట మర్చిపోయాను.

తర్వాత కొంతకాలానికి పెట్టెలోంచి సన్నటి గుయ్యిమనే శబ్దం మొదలైంది. అతను దాన్ని ఇంటికి తీసుకుపోయి, ఓ వారం ఉంచుకుని, బాగుచేసి తెచ్చాడు. గుయ్యిమనడం పోయింది. దానితోపాటు ఇంట్లో గొడవ కూడా పోయింది. మా ఆవిడ ఫిర్యాదు చేయడం మానేసింది. అమ్మాయి హాల్లోనే కూర్చుని చదువుకునేది. చివరికి వీళ్లకు వినడం వచ్చిందని సంతోషించాను. ఇది నా శిక్షణ ఫలితమని ఒకరిద్దరికి చెప్పాను కూడా.

అప్పటి నుంచి నా ఆదివారాలు ఎంత హాయిగా గడిచాయో చెబితే మీరే నవ్వుతారు. కుర్చీలోంచి లేచేవాణ్ణి. హై నాబ్‌ను వెంట్రుకవాసి కుడికి తిప్పేవాణ్ణి. మళ్లీ కూర్చుని కళ్లు మూసుకునేవాణ్ణి. విన్నారా, గజ్జెలు ముందుకొచ్చాయి అనేవాణ్ణి. వచ్చినవాళ్లు విన్నామనేవారు. కొన్ని పాటలకు ఎడమకు తిప్పాలి, గొంతు కరుకైనవాళ్లకు. ఏ గాయకుడికి ఎంతో నా వేళ్లకు తెలుసు. ఒకతను మాత్రం నాకేం తేడా తెలియలేదండీ అన్నాడు. చెవులు ఒకసారి చూపించుకోండి అని అతనికి సలహా ఇచ్చాను. నా స్నేహితుడు ఆ పక్కనే కూర్చుని ఉన్నాడు. బాగుందన్నయ్యా అనేవాడు, ఎప్పుడడిగినా. ఆ మాట కోసమే అతని వైపు తిరిగేవాణ్ణి. నా చెవుల మీద నాకు ఎంత నమ్మకమో, ఆ మాట మీద అంతకంటే ఎక్కువ.

ఒక వానాకాలం మిడ్ నాబ్ తిప్పితే గరగరమనడం మొదలైంది. తేమ. అతను డ్యూటీ మీద డోంగర్‌గఢ్ వైపు వెళ్లాడు. నాబ్‌లోకి శుభ్రపరిచే మందు కొట్టడమే కదా, ఇంతదానికి అతని కోసం ఆగాలా అని నేనే స్క్రూలు విప్పాను. మా చట్టాన్ని దాటడం అదే మొదటిసారి.

మందు కొట్టాను. హైకి కూడా కొడదామని చూశాను. ఆ నాబ్ వెనక తీగలు లేవు.

తెగిపోయాయేమో అనుకున్నాను ముందు. కానీ తెగిన తీగ తెగినట్టు ఉంటుంది. ఇవి కోసి, కొసలకు చిన్న ఎర్ర గొట్టాలు తొడిగి, పక్కకు వంచి, దారంతో కట్టిన తీగలు. నాబ్ చేయవలసిన పనిని బోర్డు మీద నాలుగు చిన్న రెసిస్టర్లు చేస్తున్నాయి. అంటే ఆ శబ్దం ఎంత ఉండాలో ఎవరో ఒక చోట నిలిపేసి, అక్కడే బిగించేశారు. నాబ్ తిరుగుతుంది, దేనినీ తిప్పదు. ఎవరి పనో అడగక్కర్లేదు. ఆ దారం కట్టు నాకు తెలుసు. సిగ్నల్ పెట్టెల్లో పనిచేసే చెయ్యి అది. దొంగతనంగా చేసిన పనిలో కూడా అంత శుభ్రత.

అయినా నమ్మలేదు. మూత పెట్టి పాట వేసి నాబ్‌ను పూర్తిగా సున్నాకు తిప్పాను, ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పాను. ఏమీ మారలేదు. అంతకుముందు ఆదివారమే నేను దాన్ని కాస్త ఎడమకు తిప్పి, ఇప్పుడు గొంతు కుదుటపడింది అన్నాను. నాకు నిజంగానే కుదుటపడినట్టు వినిపించింది. ఆ వినిపించింది ఏమిటి?

మా ఆవిడకు చెప్పలేదు. అతను వచ్చే ఆదివారం దాకా నోరు మూసుకున్నాను. ఆ వారమంతా ఇంట్లో ఎవరు నవ్వినా ఎందుకు నవ్వారో వెతుక్కున్నాను. ఆమెకు తెలుసా, తెలియదా? అమ్మాయికి? అన్నం వడ్డిస్తున్న చేతిని కూడా అనుమానంగా చూశాను. అతను ఒక్కడే చేశాడని ఎవరైనా చెబితే బాగుండుననిపించింది.

ఆదివారం అతను వచ్చాడు. డోంగర్‌గఢ్ నుంచి అమ్మాయికి ఏదో తినేది తెచ్చాడు. పెట్టె మూత స్క్రూలు లేకుండా ఊరికే పెట్టి ఉంచాను. ఎప్పటి పాటే వేశాను. లేచి నాబ్‌ను పట్టుకున్నాను.

"ఎలా ఉంది?"

"బాగుందన్నయ్యా."

సున్నాకు తిప్పాను. నిజంగా పనిచేసే నాబ్ అయితే ఆ చిన్న స్పీకర్లు అక్కడ చచ్చిపోవాలి. సిగ్నల్ మనిషికి అది తెలియకపోదు.

"ఇప్పుడు?"

అతను కళ్లు మూసుకున్నాడు, శ్రద్ధగా వింటున్నవాడిలా. "ఇప్పుడు కాస్త మెత్తబడింది. ఇదే బాగుంది."

"ముందుదానికంటేనా?"

"ముందుదానికంటే."

నేను మూత ఎత్తి పక్కన పెట్టాను. అతను కళ్లు తెరిచి చూశాడు. వంటింటి గుమ్మంలో ఉన్న అమ్మాయి లోపలికి తిరిగి, చిన్న గొంతుతో, "మమ్మీ, పాపాకి పతా చల్ గయా" అంది. నాకు తెలిసిపోయిందని వాళ్లమ్మకు చెబుతోంది. అంటే తెలియవలసింది నాకు ఒక్కడికే.

మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "బాబుని ఏటీ అనకండి. నేనే చెయ్యమన్నాను. ఇల్లు వదిలి పోలేక చెయ్యమన్నాను."

ఆమె మీద కోపం రాలేదు ఆ క్షణంలో. అతని మీదే వచ్చింది. నాకు చెప్పొచ్చు కదా అన్నాను.

"చెప్పానన్నయ్యా. గొట్టం చెవులన్నారు."

అతను ఆ మాటను అన్నేళ్లు దాచుకున్నాడని అప్పుడే తెలిసింది. అక్కడ ఆగి ఉండవలసింది. నేను ఆగలేదు. ఇన్నాళ్లూ ఇక్కడ కూర్చుని బాగుంది బాగుంది అంటూ నవ్వుకున్నావా అని అడిగాను. లేదంటాడని అడిగాను. ఎవరైనా లేదనే అంటారు.

అతను చెప్పుల కోసం వెతుకుతున్నవాడిలా నేల చూశాడు. "మొదట వదిన కోసమే చేశాను. తర్వాత నవ్వుకున్నాను కూడా. వంటింట్లో ఒకట్రెండు సార్లు అందరం నవ్వుకున్నాం. అబద్ధం చెప్పను."

నా ఇంటికి ఇక రావద్దన్నాను. అతను తినకుండా వెళ్లిపోయాడు. పొయ్యి మీద పులుసు మరుగుతూనే ఉంది. ఆ పూట ముగ్గురిలో ఎవరమూ అది ముట్టలేదు.

మా ఆవిడతో చాలా రోజులు మాట్లాడలేదు. ఒకరోజు ఆమే వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ నాలుగు ముక్కలు అతికించాకే ఈ ఇంట్లో నేను పాట విన్నాను, అది మీకు మోసంలా ఉంటే మోసమే అనుకోండి, నేను మాత్రం తప్పు చేశాననను అంది. నా బాధ శబ్దం గురించి కాదు. తలనొప్పికి మందు వేసుకున్నట్టు వాళ్లు నాబ్‌ను కోసేశారు, సరే. కానీ నేను కళ్లు మూసుకుని గజ్జెలు ముందుకొచ్చాయి అన్నాక వంటింట్లో ముగ్గురు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఉన్నారు. ప్రపంచంలో నాకు ఉన్నదే ఆ ముగ్గురు. ఆ బొమ్మ ఎటు తిరిగినా కళ్ల ముందుకొచ్చేది.

చెవుల డాక్టరు దగ్గరకు వెళ్లింది పంతంతో. నా చెవులు బాగున్నాయని కాగితం మీద రాయించుకొచ్చి వాళ్ల ముందు పెడదామని. ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, కూత వినపడినప్పుడు బటన్ నొక్కమన్నారు. నొక్కాను. చాలాసార్లు నొక్కాను. కాసేపటికి ఆ పరీక్ష చేసే అమ్మాయి తలుపు తీసి లోపలికి వచ్చింది.

"అంకల్, ఆవాజ్ ఆయే తభీ దబాయియే. మైనే అభీ కుఛ్ బజాయా హీ నహీ."

శబ్దం వచ్చినప్పుడే నొక్కండి, నేనింకా ఏమీ మోగించలేదు అని. మర్యాదగానే చెప్పింది. నేను సరే అన్నాను. ఆ తర్వాత నిజంగా వినపడినప్పుడే నొక్కుదామని కూర్చుంటే, చాలాసేపు నొక్కవలసిన అవసరమే రాలేదు. బయట డాక్టరు పరీక్ష కాగితం మీది గీత చూపించాడు. మాట్లాడే గొంతు దాకా మామూలుగానే ఉండి, సన్నటి శబ్దాల దగ్గర ఆ గీత గోడ దిగినట్టు దిగిపోయింది. ఏ పని చేస్తారని అడిగాడు. చెప్పాను. ఇంకేమీ అడగలేదు.

మోటార్‌సైకిల్ స్టార్ట్ చేయకుండా ఆసుపత్రి బయట కొంతసేపు కూర్చున్నాను. మోగని కూతకు నేను బటన్ నొక్కాను. ఎవరూ నన్ను మోసం చేయని చోట కూడా నేను వినాలనుకున్నది విన్నాను. ఇలాంటి మనిషికి ఇంట్లోవాళ్లు ఏం చెప్పగలరు? చెప్పినప్పుడల్లా నేనేం చేశాను? ఒకరి మీద కోపంతో కంచం తోశాను, ఒకరిని డాబా మీదకు తరిమాను, ఒకరిని పదిమందిలో నవ్వులపాలు చేశాను. నిజం చెప్పే దారులన్నీ నేనే మూసి, చివరికి దొడ్డిదారిన వచ్చారని వాళ్లను అన్నాను. ఇదంతా నిజమే. నా తప్పు ఇంత అని ఒప్పుకుంటే వాళ్ల నవ్వు అంత తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

అయినా అతని దగ్గరకు వెళ్లాను. రైల్వే క్వార్టర్స్‌లో అతను బయట కుర్చీ వేసుకుని రేడియో బాగుచేస్తున్నాడు. టీ తెప్పించాడు. ఆ గొట్టం మాట అన్నందుకు క్షమించమన్నాను. అలాంటి మాట నా నోటి నుంచి అతను ఎప్పుడూ వినలేదు. ఇబ్బందిపడి, వదిలేయండన్నయ్యా అన్నాడు. పరీక్ష సంగతి చెప్పాను, బటన్ సంగతితో సహా. అతను నవ్వబోయి ఆపుకున్నాడు. నవ్వమన్నాను. నవ్వలేదు.

మళ్లీ వచ్చి ఆ తీగలు కలపమన్నాను, ఇక ఆ నాబ్‌ను నేను తిప్పనని కూడా అన్నాను.

"మీరు తిప్పనప్పుడు కలపడం ఎందుకన్నయ్యా?"

"మీ వదిన తిప్పుతుంది."

ఆ ఆదివారం అతను సోల్డరింగ్ కడ్డీ తీసుకుని వచ్చాడు. మూత తెరిచి పెట్టి, నేను చూస్తుండగా నాలుగు రెసిస్టర్లు తీసేసి, తీగలను నాబ్‌కు కలిపాడు. అంతకుముందు అతను పనిచేస్తుంటే నేను ఎప్పుడూ పక్కన నిలబడి చూడలేదు. ఇప్పుడు చూశాను. చూస్తున్నానని అతనికీ తెలుసు. చేతి కింద వెలుతురు కోసం జరగమనవలసిన చోట కూడా జరగమనలేదు.

మా ఆవిడను నా కుర్చీలో కూర్చోబెట్టాం. పాట వేశాను. ఆమె నాబ్‌ను భయంభయంగా పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, ఒకచోట ఆపింది. అది నేను ఉంచే చోటుకు చాలా కిందన ఉంది. నాకు పాట దుప్పటి కింద నుంచి వస్తున్నట్టే ఉంది. ఇదేనా అన్నాను. ఇదే అంది. సరే అన్నాను. అంతవరకూ బాగానే జరిగింది.

తర్వాత అలవాటు కొద్దీ అతని వైపు తిరిగాను. ఎలా ఉంది అన్నాను.

"బాగుందన్నయ్యా."

నేను అతని మొహంలోకి చూశాను. చూడకూడదనుకుంటూనే, అందులో ఏముందో వెతికాను. తర్వాత మా ఆవిడ మొహం చూశాను, ఆమె ఏమైనా ఆపుకుంటోందేమోనని. అతను అదంతా గమనించాడు. కడ్డీ చల్లారేదాకా ఆగి, గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

ఇప్పటికీ వస్తాడు. పులుసులో మామిడికాయ గురించి పేచీ ఇంకా నడుస్తూనే ఉంది. నేను కోపగించుకోవడం తగ్గించాను. ఎవరైనా తగ్గించమంటే తగ్గిస్తాను. మిల్లులో చెవులకు మూతలు పెట్టుకోకుండా తిరిగే కుర్రాళ్లను తిడతాను. అమ్మాయి అప్పుడప్పుడు నా పక్కన కూర్చుని, నాన్నా, ఇప్పుడు గజ్జెలు మోగుతున్నాయి అని చెబుతుంది. నేను తలాడిస్తాను, నమ్ముతాను, లేదా నమ్మడానికి ప్రయత్నిస్తాను. అతను మాత్రం నేను పాట వేయగానే ఏదో ఫోన్ చేసుకోవాలంటూ డాబా మీదకు వెళ్తాడు. పాట అయిపోయాక దిగివస్తాడు. ఎలా ఉందని నేను అడగను, అతను చెప్పడు.